ప్రపంచ దేశాల పాత స్టాంపులు: నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఎక్కడ వెతకాలి, ఎలా తీసి దాచాలి

దేశదేశాల పాత స్టాంపులు పోగుచేయాలనుకున్నవాళ్లు సాధారణంగా ముందు ఒక రంగురంగుల ప్యాకెట్ కొంటారు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాళ్లకు అంతకంటే మంచి దారి ఉంది. ఈ ప్రాంతానికి నూట యాభై ఏళ్లకు పైగా విదేశాల నుంచి ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. వాడిన స్టాంపు అంటేనే ఉత్తరాన్ని మోసి, ముద్ర వేయించుకుని వచ్చిన బిళ్ల. అందుకే స్టాంపులెక్కడ అని అడగడం కన్నా, ఆ ఉత్తరాలు ఎవరికి వచ్చాయి, వాటి కట్టలు ఇప్పుడెక్కడున్నాయి అని ఆరాతీస్తే ఫలితం ఎక్కువ.

బయల్దేరేముందు ఒక సంవత్సరం దగ్గర గీత గీసుకోండి. మొదటి స్టాంపు, బ్రిటన్‌వాళ్ల పెన్నీ బ్లాక్, 1840 మే 6న అమల్లోకి వచ్చింది. అప్పట్నుంచి ఈరోజు దాకా అన్ని దేశాలవీ సేకరిస్తానంటే ఎవరివల్లా కాదు. పాతకాలం స్టాంపుల కోసమే ఉన్న స్కాట్ కేటలాగు (స్టాంపుల వివరాలు, ధరలు ఇచ్చే పుస్తకం) 1940 దగ్గర ఆగుతుంది. బ్రిటిష్ సామ్రాజ్య దేశాలకు మాత్రం 1952 దాకా వెళ్తుంది. స్టాన్లీ గిబ్బన్స్ వాళ్ల కామన్వెల్త్ కేటలాగు 1970 వరకు ఉంటుంది. మన వైపు దొరికే సరుకు చూస్తే 1970 సరైన గీత. ఆ తర్వాతి స్టాంపులు దొరికితే పారేయకుండా మార్పిడికి పక్కన పెట్టండి.

ఎవరి ఇళ్లలో, ఏ కొట్లలో

మొదట చూడాల్సింది అభ్రకం వ్యాపారం చేసిన ఇళ్లు. గూడూరు, సైదాపురం, రాపూరు, కలువాయి వైపు గనుల నుంచి తీసిన అభ్రకం విద్యుత్ పరికరాల తయారీకి విదేశాలకు వెళ్లేది. సరుకు అడిగిన ఉత్తరాలు, నమూనాలు అందాయని రాసిన జాబులు వెనక్కి వచ్చేవి. గుమాస్తాలు అవన్నీ ఫైళ్లలో పెట్టేవారు గనక కవరుతో సహా మిగిలి ఉండే అవకాశం ఎక్కువ. ఒంగోలు, టంగుటూరు, కందుకూరు వైపు పొగాకు వ్యాపారుల ఇళ్లు, మార్కాపురంలో పలకలు ఎగుమతి చేసినవాళ్ల పాత ఆఫీసులు కూడా ఇలాంటివే. చీమకుర్తి గ్రానైట్ మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు. ఆ ఎగుమతులు పెద్దవే కానీ, అవి జోరందుకునేసరికి కబుర్లన్నీ ఫ్యాక్సులోనూ కొరియర్‌లోనూ నడిచాయి.

రెండోది మిషన్లు. అమెరికన్ బాప్టిస్టు మిషన్ 1840లో నెల్లూరులో అడుగుపెట్టింది. 1866లో జాన్ క్లౌ ఒంగోలులో స్థిరపడ్డాక ఉదయగిరి, కనిగిరి, పొదిలి, కావలి లాంటి ఊళ్లలోనూ కేంద్రాలు వెలిశాయి. గూడూరు, నాయుడుపేట వైపు జర్మనీలోని హెర్మన్స్‌బర్గ్ నుంచి వచ్చిన లూథరన్ మిషనరీలు పనిచేశారు. మిషన్ బడుల్లో, ఆసుపత్రుల్లో పనిచేసి రిటైరైనవాళ్లకు దొరలూ దొరసానులూ స్వదేశం వెళ్లాక కూడా క్రిస్మస్‌కి జాబులు రాస్తుండేవారు. ఆ ఉత్తరాలు ట్రంకుపెట్టెల అడుగున ఉంటాయి. పాస్టరుగారితో ముందు మాట్లాడి, ఆయన ద్వారా ఆ ఇళ్లకు వెళ్లడం మర్యాద.

మూడోది షార్ట్‌వేవ్ రేడియో వినేవాళ్లు. 1960ల నుంచి 80ల దాకా మాస్కో, తూర్పు బెర్లిన్, పెకింగ్, కొలోన్ స్టేషన్లకు ఉత్తరం రాస్తే కార్డులు, క్యాలెండర్లు, ఒక్కోసారి విడి స్టాంపులు కూడా పంపేవారు. ఊళ్లో పాత రేడియో శ్రోత ఎవరో లైబ్రరీలో కూర్చునే పెద్దవాళ్లను అడిగితే తెలుస్తుంది. నెల్లూరు పల్లెల్లో కువైట్ వెళ్లినవాళ్ల ఉత్తరాలు దండిగా ఉంటాయి కానీ అవన్నీ 1970 తర్వాతివే, మార్పిడికి పనికొస్తాయి. పాత కువైట్ స్టాంపులు వేరే. 1923 నుంచి మన ఇండియా స్టాంపుల మీదే కువైట్ అని అచ్చుకొట్టి వాడారు. తర్వాత బ్రిటన్ స్టాంపుల మీద అణాల్లో ధర ముద్రించి నడిపారు. అవి డీలర్ల దగ్గరే దొరుకుతాయి.

ఇంట్లోవాళ్లను అడిగేటప్పుడు ఒక పద్ధతి పాటించండి. "లోపలి ఉత్తరం మీ దగ్గరే ఉంచుకోండమ్మా, పై కవరు మాత్రం ఇవ్వండి" అని అడగండి. సొంత విషయాలున్న జాబు బయటివాడి చేతిలో పెట్టడానికి ఎవరూ ఇష్టపడరు. కవరుకు మాత్రం అంతగా అడ్డుచెప్పరు.

ఇక పాత పేపర్ల కొట్లు. నెల్లూరు స్టోన్‌హౌస్‌పేట, ఒంగోలు ట్రంకురోడ్డు లాంటి వ్యాపార వీధుల చుట్టూ ఉన్న కొట్లకు పాత ఆఫీసు ఫైళ్లు తూకానికి వస్తాయి. ఒక్కసారి వెళ్లి అడిగితే ఏమీ ఉండదు. "అన్నా, పాత కవర్లు, ఫైళ్లు పడితే చించకుండా పక్కన పెట్టన్నా, తూకం రేటుకు రెండింతలిస్తా" అని చెప్పి, నెలకోసారి క్రమం తప్పకుండా వెళ్లాలి. ఇల్లు ఖాళీ చేసేవాళ్లు సామాను బయటపడేసేది ఎక్కువగా సంక్రాంతి ముందు, బడి సెలవుల్లో. ఆ రోజుల్లో వారానికోసారి తొంగిచూడండి. వానాకాలంలో మాత్రం తడిసి అట్టకట్టిన కట్టలు కొనకండి, విడదీస్తే సగం చినుగుతాయి.

కట్ట చేతికొచ్చాక ఐదు నిమిషాల్లో చూడాల్సినవి

ముద్ర చదవడానికి వీల్లేకపోయినా కవరు మీది చిరునామాయే కాలం చెబుతుంది. పిన్‌కోడ్ 1972 ఆగస్టు 15న వచ్చింది. 524తోనో 523తోనో మొదలయ్యే ఆరంకెలు ఉంటే ఆ కవరు ఆ తర్వాతిదే. ఒంగోలు జిల్లా 1970లో ఏర్పడి, 1972లో ప్రకాశం అయింది. అంతకుముందు ఒంగోలు గుంటూరు జిల్లాలో, కందుకూరు, కనిగిరి, పొదిలి నెల్లూరు జిల్లాలో, మార్కాపురం కర్నూలు జిల్లాలో ఉండేవి. "ఒంగోలు, గుంటూరు జిల్లా" అని రాసుంటే అది మన గీతకు ముందుదే అనుకోవచ్చు. ఆంధ్ర స్టేట్ అని ఉంటే 1953–56 మధ్యది. మద్రాసు ప్రెసిడెన్సీ అని ఉంటే స్వాతంత్ర్యానికి ముందుది. విదేశాల్లో ఉన్నవాళ్లు పాత చిరునామానే కొన్నాళ్లు రాస్తూపోతారు కాబట్టి ఒకట్రెండేళ్లు అటూ ఇటూ అవుతుంది.

రంగు ఇంకో ఆనవాలు. ప్రపంచ తపాలా సంఘం నియమం ప్రకారం 1950ల మొదటి దాకా విదేశీ ఉత్తరపు స్టాంపు నీలం, పోస్టుకార్డుది ఎరుపు, అచ్చు కాగితాలది ఆకుపచ్చ. చాలా దేశాలు దాన్ని పాటించాయి. అమెరికా నుంచి ఓడలో వచ్చే ఉత్తరానికి 1953 దాకా 5 సెంట్లే. అందుకే మిషన్ కట్టల్లో 5 సెంట్ల నీలం బిళ్లలు పదే పదే కనిపిస్తాయి. జర్మన్ ఉత్తరాల మీద కిరీటం పెట్టుకున్న జర్మానియా బొమ్మ, 20 ఫెనిగ్‌ల నీలం. బ్రిటన్‌ది మాత్రం వేరు. 1898 చివర్నుంచి సామ్రాజ్యం లోపల ఒక పెన్నీకే ఉత్తరం వచ్చేది, అందుకని 1902 నుంచి కొన్నేళ్లపాటు లండన్ కవర్ల మీద రాజు బొమ్మతో ఎరుపు పెన్నీ ఉంటుంది.

మన ప్రాంతపు కట్టల్లో ప్రత్యేకంగా కనిపించే లోపం తీగ గుచ్చు. పాత ఇళ్లలో, కొట్లలో చెక్క బిళ్లకు బిగించిన పొడవాటి ఇనుప తీగకు ఉత్తరాలన్నీ గుచ్చి, పై కొసను కొక్కెంలా వంచి వేలాడదీసేవారు. ఆ తీగ చాలాసార్లు స్టాంపు లోంచే వెళ్తుంది. సముద్రపు గాలికి తీగ తుప్పు పట్టి, బొక్క చుట్టూ గోధుమరంగు వలయం పడుతుంది. బొమ్మ ముదురు రంగులో ఉంటే పైనుంచి కనబడదు. కవరును వెలుతురుకు అడ్డం పెట్టి చూస్తే సూది మొనంత చుక్క మెరుస్తుంది. ఆ బిళ్లకు మార్పిడిలో విలువ లేదు. అయినా మంచిది దొరికేదాకా ఖాళీ నింపడానికి ఉంచుకోవచ్చు.

పాత ప్రామిసరీ నోట్లు, రసీదుల మీద జార్జి రాజు బిళ్లలు కూడా కట్టల్లో వస్తాయి. 1906 నుంచి కొన్ని ఇండియా స్టాంపులు తపాలాకూ రెవెన్యూకూ కలిపి వాడారు. స్టాంపు మీద తపాలా ముద్ర బదులు సిరా సంతకం అడ్డంగా ఉంటే అది ప్రోనోటు నుంచి ఊడదీసింది. తపాలాలో వాడిన స్టాంపుగా లెక్కలోకి రాదు.

కత్తెర పట్టేముందు

కొన్ని కవర్లను అసలు కోయకూడదు. 1947కు ముందువి, యుద్ధకాలంలో సెన్సారు పట్టీ అంటించినవి, రెండు మూడు ఊళ్ల ముద్రలు స్పష్టంగా ఉన్నవి, తొలినాటి విమానపు టపాలో వచ్చినవి కవరుగానే దాచండి. స్టాంపు ఒక్కటీ రూపాయికి దొరికేదైనా, నెల్లూరు చేరిన ముద్రతో పూర్తి కవరుగా ఉంటే దాని కథే వేరు. ఒకసారి కోస్తే మళ్లీ అతకదు. ఎయిరోగ్రాముల మీది బిళ్ల కాగితంపైనే అచ్చయింది, అది కూడా కోయకండి.

మామూలు కవర్లయితే స్టాంపు చుట్టూ 1 సెంటీమీటరు కాగితం వదిలి కత్తిరించండి. అంచుకు ఆనించి కోస్తే పళ్లు తెగుతాయి. చేత్తో చింపితే స్టాంపు వెనక పొర లేచిపోయి పల్చబడుతుంది. పాత స్టాంపులు పాడవడానికి అన్నిటికంటే ముఖ్యకారణం ఈ తొందరే.

నానబెట్టడం

తడిపేముందు ముక్కల్ని మూడు కుప్పలు చేయండి: తెల్ల కాగితం మీదున్నవి, రంగు కాగితం లేదా ఎరుపు-నీలం అంచు ఉన్నవి, ఊదారంగు కాపీయింగ్ పెన్సిల్ గీతలు, రబ్బరు ముద్రలు ఉన్నవి. రెండూ మూడూ విడివిడిగా, ఒక్కోసారి ఐదారు మాత్రమే వేయాలి. రంగు దిగి పక్క బిళ్లలకు పాకితే ఇక పోదు.

వెడల్పాటి పళ్లెంలో గోరువెచ్చని నీళ్లు పోసి, 25–30 ముక్కల్ని బొమ్మ పైకుండేలా తేలనివ్వండి. తీరప్రాంతం బోరునీళ్లు ఉప్పగా ఉంటాయి, ఆరాక కాగితం మీద తెల్లపొర కడుతుంది. తాగేనీళ్లే వాడండి. వేడినీళ్లు వద్దు. 15–20 నిమిషాల్లో స్టాంపు దానంతటదే జారుతుంది. జారకపోతే ఇంకో పది నిమిషాలు ఆగండి, లాగొద్దు. ఇంట్లో కాచిన మైదా జిగురుతో అంటించినవాటికి గంట పైన పట్టవచ్చు. పాతకాలపు నోటుపుస్తకంలో అంటించిన స్టాంపులకైతే పేజీని ముక్కలుగా కోసి అలాగే నానబెట్టండి. సెల్లోటేపు మరక మాత్రం నీళ్లతో పోదు.

జారిన బిళ్లల్ని రెండో పళ్లెంలో మంచినీళ్లతో కడిగి, వెనక వేలితో మెల్లగా తాకి చూడండి. జిగట తగిలితే ఇంకోసారి కడగాలి. జిగురు మిగిలితే ఆరేటప్పుడు చుట్టుకుపోయి బ్లాటింగు కాగితానికే అతుక్కుంటుంది. తర్వాత బొమ్మ కిందికి పెట్టి, అచ్చులేని తెల్ల కాగితం మీద పరవండి. దినపత్రిక మీద పరిస్తే ఆ అచ్చు స్టాంపుకు దిగుతుంది. ఫ్యాను ఆపండి. చెమ్మ తగ్గాక రెండు బ్లాటింగు కాగితాల మధ్య పెట్టి, బరువైన పుస్తకం కింద రాత్రంతా ఉంచండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, వాయుగుండాల రోజుల్లో, రెండు రాత్రులు కావాలి.

అసలు తడపకూడనివి కొన్ని ఉన్నాయి. విక్టోరియా రాణి కాలంలో, ముఖ్యంగా 1883–84లో, బ్రిటన్ వేసిన లేత ఊదా, ఆకుపచ్చ బిళ్లల రంగు నీళ్లు తగలగానే కరుగుతుంది. ముద్ర కడిగి మళ్లీ వాడకుండా కావాలనే అలాంటి సిరా వాడారు. అలాంటివి కాగితం ముక్కతోనే ఆల్బంలో పెట్టండి.

ఏ దేశానిదో పట్టుకోవడం

దేశం పేరు లేకుండా రాజో రాణో తల మాత్రమే ఉంటే చాలావరకు బ్రిటన్. పేరున్నా గుర్తుపట్టలేనివి చాలా ఉన్నాయి. హెల్వెటియా అంటే స్విట్జర్లాండ్, మాగ్యార్ అంటే హంగేరి, ఎస్పానా స్పెయిన్, నార్గే నార్వే, ఐ-ఎస్-ఎల్-ఏ-ఎన్-డి ఐస్‌లాండ్, ఎస్-యు-ఓ-ఎం-ఐ ఫిన్లాండ్. సి-సి-సి-పి అని కనబడేది సోవియట్ యూనియన్. జపాన్ స్టాంపుల మీద నిప్పన్ అని ఇంగ్లీషు అక్షరాలు 1966 నుంచే. అంతకుముందు వాటిలో చాలావాటిని చామంతిపూవు ముద్రతో గుర్తుపట్టాలి. సిలోన్ పేరు 1972లో శ్రీలంకగా మారింది. బర్మా 1937 ఏప్రిల్ 1న విడిపోయేదాకా ఇండియా స్టాంపులే వాడింది. కాబట్టి ఇండియా బిళ్ల మీద రంగూన్ ముద్ర కనిపిస్తే దాన్ని ఇండియా కుప్పలో కలిపేయకండి.

దేశం తెలిశాక రకం తేల్చాలి. ఇక్కడే భూతద్దం, చిల్లుల కొలబద్ద, పట్టకారు అవసరం. పదింతలు చూపించే భూతద్దం చాలు. 2 సెంటీమీటర్లలో ఎన్ని చిల్లులున్నాయో దాన్నే చిల్లుల అంకె అంటారు. మిషన్ కట్టల్లో తరచూ దొరికే వాషింగ్టన్ బొమ్మ 5 సెంట్ల నీలం బిళ్లను తీసుకోండి. 1908 నుంచి ఒకే బొమ్మ వేశారు, కానీ చిల్లులు 12, 10, 11గా మారాయి. కాగితం తయారీలోనే పడే యు-ఎస్-పి-ఎస్ నీటిగుర్తు (వాటర్‌మార్క్) మొదట జంట గీతల అక్షరాల్లో, తర్వాత ఒంటి గీతలో, ఆపై అసలు లేకుండా ఉంది. కేటలాగులో ఇవన్నీ వేర్వేరు స్టాంపులు. ఒకేలా ఉన్నాయని పది బిళ్లలు పంచిపెట్టేముందు కొలవండి.

నీటిగుర్తు వెలుతురులో కనబడకపోతే స్టాంపును నల్లటి గిన్నెలో బోర్లాపెట్టి, సిగరెట్ లైటర్లో పోసే ద్రవం రెండు చుక్కలు వేస్తే క్షణంపాటు గుర్తు నల్లగా తేలుతుంది. కిటికీ తెరిచి, దగ్గర్లో మంట లేకుండా చేయండి. ఫోటోగ్రావ్యూర్ పద్ధతిలో (భూతద్దంలో సన్నటి చుక్కలుగా కనిపించే అచ్చు) అచ్చేసిన కొన్ని స్టాంపుల రంగు ఈ ద్రవానికి దిగుతుంది, వాటికి ఈ పని వద్దు.

కొనేటప్పుడు

ఇళ్లలో, కొట్లలో దొరకని దేశాలు కొనక తప్పదు. మనకు దగ్గరి పెద్ద బజారు చెన్నై. పొద్దున పినాకినీ ఎక్స్‌ప్రెస్ రైలెక్కితే ఒంగోలు, నెల్లూరు వాళ్లు అదే రోజు పని చూసుకుని తిరిగి రావడం కష్టం. ముందురోజు వెళ్లి, మూర్‌మార్కెట్ పాత పుస్తకాల వైపు, అన్నా రోడ్డు హెడ్ పోస్టాఫీసు ఫిలాటెలిక్ బ్యూరో దగ్గర సేకరించేవాళ్లను పరిచయం చేసుకోండి. తపాలా శాఖ జిల్లా, రాష్ట్ర స్థాయి ప్రదర్శనలు పెట్టినప్పుడు డీలర్లు బల్లలు వేస్తారు. ఆఖరిరోజు మధ్యాహ్నం బేరం బాగా కుదురుతుంది.

ప్యాకెట్ల సంగతి. గల్ఫ్‌లోని అజ్మాన్, ఫుజైరా, ఉమ్ అల్ ఖైవైన్, మనామా పేర్లతో 1960ల చివర్లో, 70ల మొదట్లో లెక్కలేనన్ని స్టాంపులు సేకరణదారులకు అమ్మడానికే అచ్చేశారు. తూర్పు యూరప్ దేశాలు కొన్ని షీట్లకు షీట్లే ముద్ర కొట్టి అమ్మాయి. పట్టుకోవడం తేలిక: ముద్ర ఒక మూలన పావువంతు గుండ్రంగా, అన్నిటిమీదా ఒకేచోట ఉంటుంది, వెనక జిగురు చెక్కుచెదరదు. అవి ఉత్తరాన్ని మోయలేదు. నూరు దేశాలన్న ప్యాకెట్ కొనే డబ్బుతో కాగితం ముక్కల మీదే ఉండగా తూకానికి అమ్మే కిలో సరుకులో పావుకిలో కొంటే నేర్చుకునేదీ ఎక్కువ, మిగిలేదీ ఎక్కువ.

జర్మనీ 1923 ద్రవ్యోల్బణం బిళ్లలు లక్షలు, కోట్ల మార్కుల అంకెలతో చౌకగా దొరుకుతాయి. వాడనివి చౌక, నిజంగా వాడినవి చాలావరకు ఖరీదు. అందుకే దొంగముద్రలు వాటిమీదే ఎక్కువ. నిపుణుడి పరిశీలన గుర్తు లేకుండా వాడిన ధర పెట్టకండి. ఆన్‌లైన్‌లో అయితే వెనకవైపు ఫోటో అడగండి, పంపనివాళ్ల దగ్గర కొనకండి. కేటలాగు ధర పోల్చి చూసుకోవడానికే. మామూలు స్టాంపులు దానిలో చిన్న వంతుకే చేతులు మారతాయి.

దాచడం, మార్చుకోవడం

జిగట షీట్లుండే ఫోటో ఆల్బంలు, పీవీసీ కవర్లు స్టాంపులకు విషం. గ్లాసైన్ (నున్నటి పల్చని కాగితం) పట్టీల స్టాక్‌బుక్‌లో దేశాలవారీగా పెట్టి, పుస్తకాలను పడుకోబెట్టకుండా నిలబెట్టండి. బీరువాను వాననీరు కొట్టే గోడకు దూరంగా ఉంచి, సిలికా జెల్ పొట్లాలు వేసి, నెలకోసారి పేజీలు తిప్పి గాలి తగలనివ్వండి. గోధుమరంగు చుక్కలు కనబడిన బిళ్లను వెంటనే వేరు చేయండి, ఆ బూజు పక్కవాటికి పాకుతుంది.

మార్పిడికి మన పెట్టుబడి ఇండియా స్టాంపులే. ఇప్పుడు పోస్టాఫీసు కౌంటర్లో బార్‌కోడ్ చీటీలే అంటిస్తున్నారు గనక, నిజంగా ఉత్తరం మీద నడిచి, శుభ్రమైన ముద్ర పడిన స్మారక బిళ్లలకు విదేశీ సేకరణదారుల దగ్గర గిరాకీ ఉంది. 1957 నయాపైసల కాలం నుంచి పోగుచేసినవాటిలో ఎక్కువైన బిళ్లలను నూటికి నూరు లెక్కన మార్చుకోండి. ఒకే రకం ఐదుకు మించకుండా, చినిగినవి, తీగ గుచ్చినవి కలపకుండా ముందే మాట అనుకోండి. మొదటిసారి యాభైతో మొదలుపెట్టి, అవతలివాళ్ల సరుకు చూశాకే నూరు పంపండి. బిళ్లల్ని గ్లాసైన్ కవర్లో పెట్టి, రెండు అట్టముక్కల మధ్య ఉంచి, కవరు మీద చూడచక్కని స్టాంపులు అంటించి, కౌంటర్లో ఇచ్చేటప్పుడు ముద్ర చేత్తో, అంచున పడేలా కొట్టమని అడగండి.